అద్దె ఇంటికి తరుగుదల.. చట్టంలో ఉన్నదెంత? లేనిదెంత?

- ఇంటి అద్దెకు 30 శాతం మినహాయింపే ఆధారం
- యంత్రాలతో లీజుకిచ్చిన మిల్లుకే తరుగుదల లాభం
- సాఫ్ట్‌వేర్‌ కొనేముందు ఆదాయం ఏ కోవదో తేల్చుకోవాలి

వేములపల్లి: ఊళ్లో రెండు పోర్షన్ల ఇల్లు, రోడ్డు పక్కన మూడు మడిగెలు, వీలైతే మిర్యాలగూడలో ఒక గోదాము. వ్యవసాయంతోపాటు అద్దెలపైనా ఆధారపడిన మధ్యతరగతి కుటుంబాల ఆస్తి దాదాపు ఇంతే. నార్కట్‌పల్లి-అద్దంకి రహదారిపై నల్లగొండ, మిర్యాలగూడల నడుమ ఉన్న వేములపల్లిలోనూ, హైదరాబాద్‌-విజయవాడ జాతీయ రహదారి వెంట ఎదిగిన సూర్యాపేట, కోదాడల్లోనూ ఇదే తీరు. ఆదాయపు పన్ను రిటర్నుల కాలం వచ్చినప్పుడు ఈ చిన్న యజమానులకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. భవనం ఏటికేడు పాతబడుతుంది, గోడలు పెచ్చులూడతాయి, కప్పు ఉరుస్తుంది. ఆ నష్టాన్ని అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చా?

పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఇళ్లలో ఈ ప్రశ్నకు మరింత బలం చేకూరింది. అక్కడ అద్దె ఇల్లు ఉన్న ప్రతివారూ తరుగుదల లెక్క కట్టి పన్ను తగ్గించుకుంటారు. అందుకోసం తక్కువ ధరకు సాఫ్ట్‌వేర్లు దొరుకుతున్నాయి. అలాంటి ఉపాయం ఇక్కడా పనిచేస్తుందనే ఆశ సహజమే. అయితే మన చట్టం దారి వేరు. ఆ తేడా తెలియక కొందరు రాని మినహాయింపును కోరి నోటీసుల పాలయ్యే ప్రమాదం ఉంది. ఇంకొందరు న్యాయంగా రావాల్సిన మినహాయింపును వదులుకుని అధిక పన్ను కట్టే ప్రమాదమూ అంతే ఉంది.

విదేశాల్లో లెక్క ఇలా

అమెరికాలో అద్దెకిచ్చిన నివాస భవనం విలువను 27.5 ఏళ్లకు సమానంగా పంచుతారు. వ్యాపార భవనమైతే 39 ఏళ్లు. స్థలం విలువను ఇందులో కలపరు, ఎందుకంటే భూమి అరిగిపోదు. స్థలం పోను భవనం విలువ 2.20 లక్షల డాలర్లనుకుంటే ఏటా 8 వేల డాలర్లను అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. చేతినుంచి పైసా ఖర్చు కాకుండానే పన్ను వేసే ఆదాయం ఆ మేరకు తగ్గుతుంది. ఏ వస్తువు ఏ ఏడాది అద్దె వాడకంలోకి వచ్చింది, ఎన్నేళ్లకు పంచాలి, ఎంత మిగిలింది అన్న పట్టిక దశాబ్దాల తరబడి నడపాలి. అందుకే అక్కడ చిన్న యజమానికి సాఫ్ట్‌వేర్‌ అవసరం ఏర్పడింది.

ఆస్ట్రేలియాలో నిర్మాణ వ్యయంలో ఏటా 2.5 శాతం చొప్పున 40 ఏళ్లపాటు తగ్గించుకునే వీలుంది. బ్రిటన్‌ మాత్రం నివాస గృహానికి తరుగుదలను అంగీకరించదు. సామగ్రితో ఇచ్చిన ఇళ్లకు అక్కడ ఉండిన 10 శాతం మినహాయింపును సైతం 2016లో తొలగించి, పాత సామాను స్థానంలో కొత్తది కొన్నప్పుడే ఆ ఖర్చును అనుమతిస్తున్నారు. దేశానికో పద్ధతి ఉన్నదనడానికి ఇదే నిదర్శనం.

మన చట్టం మార్గం

భారతదేశంలో ఇంటి అద్దెపై వచ్చే ఆదాయాన్ని 'గృహ ఆస్తి ఆదాయం' అనే ప్రత్యేక శీర్షిక కింద లెక్కిస్తారు. అందులో తరుగుదలకు చోటే లేదు. మరమ్మతులకు, సున్నానికి, కాపలాకు, అద్దె వసూలుకు ఎంత ఖర్చయిందన్న ప్రశ్న కూడా లేదు. వాటన్నింటికీ కలిపి చట్టం ఒకే శాతాన్ని ముందుగా ఇచ్చేస్తుంది. 1961 నాటి చట్టం తొలినాళ్లలో మరమ్మతుల పేరిట ఆరో వంతు ఇచ్చేవారు. అది కాలక్రమంలో నాలుగో వంతుకు చేరింది. 2001 ఆర్థిక చట్టం పలు చిన్నచిన్న మినహాయింపులను రద్దుచేసి, వాటి స్థానంలో 30 శాతం మినహాయింపును తెచ్చింది. 2026 ఏప్రిల్‌ 1 నుంచి అమలయ్యేలా రూపొందిన 2025 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల సంఖ్యలను మార్చినా, ఈ 30 శాతం సూత్రాన్ని కొనసాగించింది.

లెక్క చూద్దాం. నెలకు రూ.10 వేల చొప్పున ఏడాదికి అద్దె రూ.1.20 లక్షలు. పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి యజమాని ఆ ఏడాది చెల్లించిన ఇంటిపన్ను రూ.3 వేలనుకుంటే మిగిలింది రూ.1.17 లక్షలు. దీనిపై 30 శాతం అంటే రూ.35,100 తీసివేయగా పన్ను లెక్కకు వచ్చేది రూ.81,900. ఇంటి కోసం అప్పు తెచ్చి ఉంటే ఆ ఏడాది వడ్డీని కూడా ఇందులోంచి తీసివేయవచ్చు. 30 శాతానికి రసీదులు అక్కరలేదు. ఆ ఏడాది ఇంటికి ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా అది వర్తిస్తుంది. లక్ష రూపాయలు పెట్టి కప్పు వేయించినా అంతకు మించి రాదు.

ఇంటిపన్ను విషయంలో ఒక జాగ్రత్త ఉంది. బకాయి పడిన పన్నుకు మినహాయింపు లేదు. యజమాని వాస్తవంగా చెల్లించిన ఏడాదిలోనే దానిని తగ్గించుకోవాలి. కిరాయిదారు కట్టిన ఇంటిపన్నును యజమాని తన ఖాతాలో చూపడానికి వీల్లేదు.

తరుగుదల ఉంటే మేలా?

ఇదే ఇంటి నిర్మాణ వ్యయం రూ.12 లక్షలనుకుందాం. నివాస భవనాలకు 1962 నాటి నిబంధనల పట్టిక నిర్ణయించిన తరుగుదల రేటు 5 శాతం. తరుగుదలను అనుమతించి ఉంటే తొలి ఏడాది రూ.60 వేలు, రెండో ఏడాది మిగిలిన రూ.11.40 లక్షలపై రూ.57 వేలు తగ్గేవి. రూ.35,100తో పోలిస్తే ఇది ఆకర్షణీయమే. కానీ పదేళ్ల తరువాత పుస్తకాల్లో ఆ భవనం విలువ సుమారు రూ.7.18 లక్షలకు పడిపోతుంది.

అమ్మకం నాడు అసలు తేడా బయటపడుతుంది. భవనం వంతుకు రూ.15 లక్షలు వచ్చాయనుకుంటే, గృహ ఆస్తి కింద చూపిన యజమానికి అసలు ఖర్చు రూ.12 లక్షలు చెక్కుచెదరకుండా ఉంటుంది. లాభం రూ.3 లక్షలు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఆస్తి కాబట్టి అది దీర్ఘకాలిక లాభం. తరుగుదల తీసుకున్నవారికి లాభం రూ.7.82 లక్షలుగా తేలుతుంది. పైగా దానిని స్వల్పకాలిక లాభంగా పరిగణిస్తారు. కనుక తరుగుదల చాలావరకు నేటి పన్నును రేపటికి వాయిదా వేసేదే తప్ప పూర్తిగా మాఫీ చేసేది కాదు. అమెరికాలోనూ ఇంతే. తీసుకున్న తరుగుదల మేరకు అమ్మకం నాడు 25 శాతం వరకు పన్ను పడే అవకాశముంది. యజమాని తరుగుదలను కోరకున్నా, కోరదగినంత మొత్తాన్ని అక్కడ లెక్కలోకి తీసుకుంటారు.

మూసుకుపోయిన దారి

ఇంటి అద్దెను వ్యాపార ఆదాయంగా చూపితే తరుగుదల, మరమ్మతులు, జీతాలు అన్నీ తగ్గించుకోవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఆస్తులను అద్దెకివ్వడమే ప్రధాన ఉద్దేశంగా ఏర్పడిన చెన్నై ప్రాపర్టీస్‌ అండ్‌ ఇన్వెస్ట్‌మెంట్స్‌ సంస్థ అద్దె ఆదాయం వ్యాపార ఆదాయమేనని 2015లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాని ఆసరాతో కొందరు నివాస గృహాల అద్దెను సైతం వ్యాపార శీర్షిక కిందకు మళ్లించారు. 2024 జులై బడ్జెట్‌ ఈ దారిని మూసివేసింది. యజమాని నివాస గృహాన్ని లేదా అందులో కొంత భాగాన్ని అద్దెకిస్తే ఆ ఆదాయాన్ని గృహ ఆస్తి శీర్షిక కిందే చూపాలని, వ్యాపార ఆదాయంగా చూపరాదని చట్టంలో స్పష్టంగా చేర్చారు. 2025-26 మదింపు సంవత్సరం నుంచి ఇది అమలులోకి వచ్చింది. ఇంటి అద్దెపై తరుగుదల ఇప్పిస్తామని ఎవరైనా చెబితే వారి మాట చట్టానికి విరుద్ధమని గ్రహించాలి.

మిల్లు లీజులో అసలు విషయం

మిర్యాలగూడ అనగానే రైస్‌మిల్లులు గుర్తుకొస్తాయి. సాగర్‌ ఎడమ కాలువ కింద పండే ధాన్యం ఈ మిల్లులకు ఆధారం. మిల్లును స్వయంగా నడపలేని యజమాని భవనం, యంత్రాలు కలిపి మరొకరికి లీజుకివ్వడం ఈ వ్యాపారంలో ఉన్నదే. తరుగుదల ప్రశ్న నిజంగా తలెత్తేది ఇక్కడే.

భవనాన్ని, యంత్రాలను విడదీయలేని విధంగా కలిపి అద్దెకిచ్చినప్పుడు, అది యజమాని వ్యాపారంలో భాగం కాకుంటే, ఆ ఆదాయం గృహ ఆస్తి కిందకు రాదు. 'ఇతర మార్గాల ఆదాయం' కిందకు వెళ్తుంది. అక్కడ భవనానికీ, యంత్రాలకూ తరుగుదల, మరమ్మతులు, బీమా ఖర్చులు తగ్గించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. హోటల్‌ భవనాన్ని సామగ్రితో కలిపి లీజుకిచ్చిన సుల్తాన్‌ బ్రదర్స్‌ కేసులో సుప్రీంకోర్టు 1960వ దశకంలోనే ఈ సూత్రాన్ని వివరించింది. రెంటినీ విడదీయకుండా అనుభవించాలన్నది ఇరుపక్షాల ఉద్దేశమా కాదా అన్నదే అక్కడ ప్రధాన పరీక్ష.

అంకెల్లో చూస్తే తేడా ఎంతటిదో తెలుస్తుంది. స్థలం కాక మిల్లు భవనం విలువ రూ.40 లక్షలు, యంత్రాల విలువ రూ.60 లక్షలనుకుందాం. నివాసేతర భవనానికి 10 శాతం చొప్పున రూ.4 లక్షలు, యంత్రాలకు 15 శాతం చొప్పున రూ.9 లక్షలు, మొత్తం తొలి ఏడాది తరుగుదల రూ.13 లక్షలు. లీజు మొత్తం ఏడాదికి రూ.15 లక్షలైతే పన్ను లెక్కకు మిగిలేది రూ.2 లక్షలే. ఇదే మొత్తాన్ని తెలియక గృహ ఆస్తి కింద చూపి 30 శాతంతో సరిపెట్టుకుంటే రూ.10.50 లక్షలపై పన్ను లెక్కించాల్సి వస్తుంది. ఒక్క ఏడాదిలోనే రూ.8.50 లక్షల ఆదాయం తేడా! రెండో ఏడాది తరుగుదల రూ.11.25 లక్షలకు తగ్గుతుంది. ఏటా అది తగ్గుతూ పోయినా ప్రయోజనం మాత్రం కొనసాగుతుంది.

అందువల్ల లీజు పత్రం రాతకు ఎంతో ప్రాధాన్యం ఉంది. భవనానికి వేరుగా, యంత్రాలకు వేరుగా అద్దె రాసుకుని, ఒకటి లేకుండా మరొకటి ఇవ్వగల స్థితి ఉంటే భవనం అద్దె తిరిగి గృహ ఆస్తి కిందకే వెళ్లవచ్చు. స్టాంపు కాగితంపై పాత పత్రాన్ని చూసి పేర్లు మార్చి రాయించుకునే అలవాటు ఇక్కడ నష్టం తెచ్చిపెడుతుంది.

గోదాముల సంగతి ఇంకొంత భిన్నం. ఖాళీ గోదామును అద్దెకిచ్చి ఊరుకుంటే అది సాధారణంగా గృహ ఆస్తి ఆదాయమే. కాపలా, హమాలీలు, సరుకు భద్రత, తూకం వంటి సేవలతో గిడ్డంగి వ్యాపారంగా నడిపితే వ్యాపార ఆదాయం అవుతుంది. అప్పుడు తరుగుదల వర్తిస్తుంది. రోడ్డు పక్కన మడిగెలు అద్దెకిస్తే 30 శాతం పద్ధతే. తన సొంత మడిగెలో తానే దుకాణం నడుపుకొంటే అక్కడ అద్దె లేదు కాబట్టి వ్యాపార లెక్కల్లో ఆ మడిగెకు 10 శాతం తరుగుదల చూపవచ్చు.

చిన్న వ్యాపారికి ఒక హెచ్చరిక

రోజువారీ పుస్తకాలు రాయకుండా అమ్మకాలపై 8 శాతం లేదా 6 శాతం లాభం చూపే అంచనా పద్ధతిని ఎంతోమంది దుకాణదారులు అనుసరిస్తున్నారు. ఈ పద్ధతిలో తరుగుదలను మళ్లీ వేరుగా తగ్గించుకోవడానికి వీల్లేదు. అంతేకాదు, ఏటా తరుగుదల ఇచ్చేసినట్లే భావించి భవనం విలువను తగ్గిస్తూ పోతారు. పుస్తకాలు రాసేవారికి సైతం తరుగుదల ఐచ్ఛికం కాదు. కోరినా కోరకున్నా దానిని లెక్కలోకి తీసుకోవాలన్న వివరణను కూడా 2001 ఆర్థిక చట్టమే చేర్చింది. ఇప్పుడు వద్దు, తరువాత ఒకేసారి తీసుకుంటాం అనే వీలు లేదు.

అసలు పన్ను పడేదెందరికి?

ఇంత చర్చకు ముందు యజమాని వేసుకోవాల్సిన ప్రశ్న మరొకటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం రూ.12 లక్షల వరకు ఉన్న దేశ నివాసికి రిబేటు వల్ల పన్ను పడదు. ఆస్తులు, షేర్ల అమ్మకాల వంటి ప్రత్యేక రేట్ల లాభాలకు ఆ రిబేటు వర్తించదు. ఏడాదికి రూ.6 లక్షల పింఛను పొందే విశ్రాంత ఉపాధ్యాయుడికి రూ.75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా రూ.5.25 లక్షలు, పైన చెప్పిన ఇంటి అద్దె రూ.81,900 కలిపితే రూ.6,06,900. కట్టాల్సిన పన్ను సున్నా. ఆయనకు తరుగుదల సాఫ్ట్‌వేర్‌ ఎంత చవకగా దొరికినా దండగే. అయితే ఆదాయం రూ.4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను మాత్రం వేయాలి.

గృహరుణం ఉన్నవారు రెండు విధానాలనూ పోల్చుకోవాలి. పాత విధానంలో గృహ ఆస్తి నష్టాన్ని ఏటా రూ.2 లక్షల వరకు జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో అలా కుదరదు. వడ్డీ భారం ఎక్కువగా ఉన్న చిన్న యజమానికి తరుగుదల కంటే ఈ ఎంపికే ముఖ్యం. భార్యాభర్తలు లేదా అన్నదమ్ములు ఉమ్మడిగా కలిగిన ఇంట్లో ఎవరి వాటా ఎంతో పత్రాల్లో స్పష్టంగా ఉంటే, అద్దెను ఎవరి వాటా మేరకు వారి రిటర్నులో చూపవచ్చు.

ప్రవాసులకు రెండు లెక్కలు

మిర్యాలగూడలోనో, సూర్యాపేటలోనో ఇల్లు ఉండి అమెరికాలో పన్ను కడుతున్న తెలుగువారికి మాత్రం తరుగుదల తప్పనిసరి అంశం. ప్రపంచంలో ఎక్కడ అద్దె వచ్చినా వారు అక్కడి రిటర్నులో చూపాలి. భారత్‌లోని నివాస భవనాన్ని 2017 తరువాత అద్దె వాడకంలోకి తెస్తే అక్కడి లెక్కల్లో 27.5 ఏళ్లకు బదులు 30 ఏళ్లకు పంచాలి. భవనం వ్యయం రూ.30 లక్షలైతే ఏడాదికి రూ.లక్షకు సమానమైన డాలర్లు. అక్కడ మన 30 శాతం చెల్లదు. ఇక్కడ వారి 30 ఏళ్ల తరుగుదల చెల్లదు. ఒకే ఇంటికి రెండు వేర్వేరు పట్టికలు రాసుకోవాల్సిందే. ఇక్కడ చెల్లించిన పన్నుకు అక్కడ నిబంధనల మేరకు జమ పొందవచ్చు.

ప్రవాస యజమానికి అద్దె చెల్లించే కిరాయిదారు పైనా బాధ్యత ఉంది. అద్దె ఎంత తక్కువైనా 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం మినహాయించి జమ చేయాలి. రూ.12 లక్షల రిబేటు ప్రవాసులకు వర్తించదు. అమెరికాలో ఉన్న కొడుకు పేరిట ఇల్లుండి, ఊళ్లోని తండ్రి అద్దె వసూలు చేసే కుటుంబాలు ఈ విషయాన్ని గమనించాలి.

ఏ సాఫ్ట్‌వేర్‌ కావాలి?

ఇల్లు, మడిగెలు అద్దెకిచ్చినవారికి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఉచితంగా లభించే రిటర్ను పత్రమే చాలు. అద్దె, ఇంటిపన్ను, వడ్డీ నమోదు చేస్తే 30 శాతాన్ని అదే లెక్కిస్తుంది. వ్యాపార ఆదాయం ఉన్నవారు వేసే మూడో నంబరు రిటర్నులో యంత్రాలకు, ఇతర ఆస్తులకు తరుగుదల పట్టికలు విడిగా ఉన్నాయి. మిల్లును లీజుకిచ్చి ఇతర మార్గాల కింద చూపేవారికే కొంత చిక్కు. అక్కడ తరుగుదల మొత్తానికి ఒక వరుస ఉంటుందే తప్ప దాని వెనుక లెక్క యజమాని వద్ద ఉండాలి.

ఆ లెక్కకు కూడా ఖరీదైన సరంజామా అక్కరలేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్‌ పట్టిక సరిపోతుంది. ఏడాది ఆరంభంలో మిగిలిన విలువ, కొత్తగా కొన్నవి, అమ్మినవి, రేటు, ఆ ఏడాది తరుగుదల, చివర మిగిలిన విలువ.. ఈ గళ్లు చాలు. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ కాలం వాడిన ఆస్తికి సగం రేటే వేయాలి. స్థలం విలువను భవనం విలువలో కలపరాదు. నిర్మాణ బిల్లులు, యంత్రాల ఇన్వాయిస్‌లు, రిజిస్ట్రేషన్‌ పత్రం, లీజు పత్రం ఒకే ఫైలులో భద్రపరచాలి. ఆధారాలు లేని తరుగుదలను ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు.

తప్పుడు లెక్కకు మూల్యం

ఆదాయాన్ని తక్కువగా చూపితే ఎగవేసిన పన్నులో 50 శాతం, వాస్తవాలను తప్పుగా చూపితే 200 శాతం జరిమానా పడుతుంది. కమీషన్‌ తీసుకుని లేని మినహాయింపులతో రిటర్నులు నింపుతున్న మధ్యవర్తులపై 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు చేపట్టింది. రిటర్ను ఎవరు నింపినా, దానిపై బాధ్యత పన్ను చెల్లింపుదారుదే. అద్దెను దాచడమూ ఇప్పుడు సులువు కాదు. పాత విధానంలో ఇంటి అద్దె భత్యంపై మినహాయింపు కోరే ఉద్యోగి ఏడాదికి రూ.లక్ష దాటిన అద్దెకు యజమాని పాన్‌ నంబరును ఇవ్వాల్సి ఉంటుంది. వ్యాపార సంస్థలు అద్దెలో కోసిన పన్ను వివరాలు యజమాని వార్షిక సమాచార పత్రంలో కనిపిస్తాయి.

చేయాల్సిందేమిటి?

ఇంటి యజమానికి 30 శాతం, మిల్లు యజమానికి తరుగుదల, ప్రవాసికి రెండు పట్టికలు.. తేల్చుకోవాల్సింది ఇంతే. ఈ చిన్న విషయం తెలియకపోవడమే పెద్ద నష్టాలకు కారణమవుతోంది. నల్లగొండ, సూర్యాపేటల్లోని ఆదాయపు పన్ను కార్యాలయాలు రిటర్నుల కాలానికి ముందు మండల కేంద్రాల్లో అవగాహన సదస్సులు నిర్వహించి, అద్దె ఆదాయం లెక్కను ఒక పేజీలో తెలుగులో ముద్రించి పంచాయతీ కార్యాలయాల్లో అందుబాటులో ఉంచితే ప్రయోజనం ఉంటుంది. రైస్‌మిల్లర్ల సంఘాలు తమ సభ్యులకు లీజు పత్రాల నమూనాను, తరుగుదల పట్టికను నిపుణుల చేత తయారు చేయించి ఇవ్వవచ్చు. యజమానుల వైపునుంచి చేయాల్సింది కూడా ఉంది. లీజు పత్రంపై సంతకం చేసేముందే ఆడిటర్‌కు చూపించాలి. రిటర్నుకు గడువు ముంచుకొచ్చాక వెళ్తే పత్రంలోని రాతను మార్చే అవకాశం ఎవరికీ ఉండదు.